మన్యం వేళ్ళు, ఉద్దానం నొప్పులు

విజయనగరం దాటి హౌరా వైపు పోయే రైలులో కూర్చున్నవారికి ఎడమ చేతివైపు తూర్పు కనుమలు, కుడి చేతివైపు కొబ్బరి తోటలు, వాటి వెనుక సముద్రం తోడుగా వస్తాయి. ఆ కొండలు మందు పండిస్తే ఈ తోటలు నొప్పులు పండిస్తాయని నేను ఇంట్లో అంటూ వుంటాను. కొబ్బరి చెట్లెక్కేవారికీ, రోజంతా కూర్చుని జీడిపిక్కలు కొట్టేవారికీ నడుములూ మోకాళ్ళూ ఊరుకుంటాయా? ఈ మందూ ఆ నొప్పీ ఎక్కడ కలుస్తాయో చూద్దామని వేసవి సెలవుల్లో బయలుదేరాను.

ముందు కొండ. సీతంపేట 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలోదే, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. వారపు సంతకు సవరలూ జాతాపులూ కొండ దిగి వస్తారు. చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు రాసులు పోసి వున్నాయి. ఒక మూల ఒక ముసలామె గోనెపట్టా మీద వేళ్ళూ బెరళ్ళూ పరుచుకొని కూర్చున్నది.

"మోకాలి వాపుకు ఏ వేరు ఇస్తావమ్మా?" అని అడిగాను.

"ఒక్క ఏరుకే తగ్గిపోద్దేటి బావూ? నాలుగు కలిస్తేనే మందు" అని నవ్వింది.

వావిలాకు చూపించింది, సొంఠి చూపించింది, పసుపుకొమ్ము చూపించింది. నాలుగో దానికి మాత్రం తన సవర భాషలో ఏదో పేరు చెప్పింది. తెలుగులో దాన్నేమంటారో ఆమెకు తెలియదు. ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్న నాకూ తెలియదు.

నాలుగు కలిస్తేనే మందు అన్న మాట చిన్నది కాదు. మన వైద్యులు దానినే యోగం అంటారు. చైనా వైద్యులైతే దానికొక రాజ్యమే కట్టిపెట్టారు. వారి మందు కూర్పులో రాజు, మంత్రి, సహాయకుడు, దూత అని నలుగురుంటారు. రాజు రోగంతో తలపడతాడు, మంత్రి అతనికి బలమిస్తాడు, సహాయకుడు అతని దుడుకుతనాన్ని అదుపులో పెడతాడు, దూత అందరినీ చేరవలసిన చోటికి చేరుస్తాడు. మన మూలికల కొట్లలో దొరికే అతిమధురం జాతి వేరే అక్కడ తరచు దూత పని చేస్తుంది.

ఇంతకూ వాపంటే ఏమిటి? దెబ్బ తగిలినచోట కణాలు ప్రోస్టాగ్లాండిన్ల వంటి రసాయనాలను విడుస్తాయి. దానితో రక్తనాళాలు విప్పారి, నీరు ఊరి, ఎరుపూ వేడీ వాపూ నొప్పీ కలిసి వస్తాయి. ఆ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆస్పిరిన్ ఆపుతుందని 1971లో జాన్ వేన్ ఇంగ్లండులో కనిపెట్టాడు. దానికి 1982లో నోబెల్ బహుమానం వచ్చింది. మాత్ర ఒక తలుపు గట్టిగా మూస్తే, మూలికలు తలొక తలుపునూ కాస్త కాస్త దగ్గరికి వేస్తాయి. పసుపులోని కర్కుమిన్, వాపు పుట్టించమని కణంలో పుట్టే ఆజ్ఞలను అణచటం ప్రయోగశాలల్లో చూశారు. అయితే పసుపు ఒక్కటే మింగితే రక్తంలోకి ఎక్కేది బహు స్వల్పం. మిరియాలలోని పైపరిన్ తోడైతే అది ఇరవై రెట్లయిందని 1998లో బెంగుళూరు పరిశోధకులు ప్రకటించారు. దూత అంటే ఇదే కదా! మనుషుల మీద జరిగిన పరీక్షలు మాత్రం చాలావరకు చిన్నవే. మోకాళ్ళ నొప్పికి కొంత ఉపశమనమని చెబుతాయి గాని, అద్భుతాలు చెప్పవు.

ఇక తీరం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలను కలిపి ఉద్దానం అంటారు. ఉద్యానం అనే మాటకు తగినట్లే కళ్ళకు చల్లగా వుంటుంది. ఆ పచ్చదనం కింద ఏళ్ళ తరబడి మూత్రపిండాల జబ్బు ఇళ్ళను గుల్ల చేస్తున్నది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వెలిశాయి.

ఇక్కడే మందూ నొప్పీ కలుస్తాయి. వాపు తెచ్చే ఆ ప్రోస్టాగ్లాండిన్లే మూత్రపిండాలకు రక్తం సరిగా అందేటట్లు చూస్తాయి. ఎండలో చెమటోడ్చి ఒళ్ళు ఎండినవాడు నొప్పి మాత్ర మింగితే ఆ కాపలా కూడా పోతుంది. అందుకే నొప్పి మాత్రలు సొంతంగా వాడవద్దని డాక్టర్లు మొత్తుకుంటారు. "మాత్రలొద్దన్నారు బావూ, ఇంక ఏర్లే మేలు" అన్నాడు తోటలో ఒక కొబ్బరి దింపేవాడు.

వేరు గనుక మేలేనా? బెల్జియంలో జరిగింది వినండి. బ్రస్సెల్స్‌లో ఒళ్ళు తగ్గించే వైద్యానికి ఫాంగ్ జీ అనే చైనా వేరు వాడారు. అది చైనాలో వాపులకూ కీళ్ళ నొప్పులకూ వాడుకలో వున్నదే. అయితే పేరు కలిసిన గ్వాంగ్ ఫాంగ్ జీ అనే మరో వేరు దాని స్థానంలో వచ్చి చేరింది. అందులో అరిస్టోలోకిక్ ఆమ్లం వున్నది. 1993లో సంగతి బయటపడింది. చివరికి నూరుమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు చెడ్డాయని తేలింది. మన ఈశ్వరి వేరూ, గాడిదగడపాకూ ఆ కుటుంబానివే సుమండీ!

పేర్ల తికమక మనకూ కొత్తది కాదు. కీళ్ళ వాతానికి చెప్పే రాస్న ఉత్తరాదిని ఒక మొక్క, బెంగాలులో చెట్లమీద పెరిగే మరొక మొక్క, మన దక్షిణాదిని దుంపరాష్ట్రం. శ్లోకం ఒక్కటే, కషాయాలు మూడు!

అందుచేత నొప్పులకు కషాయం తాగే పెద్దలు మీ ఇంట వుంటే, అందులో ఏమేమి పడుతున్నాయో పేరుపేరునా అడిగి కాగితం మీద రాయించుకోండి. దానిని డాక్టరుకు చూపండి, ఏడాదికొకసారి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించండి. కొండ మీది అనుభవాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. ఊరూ పేరూ తెలియని వేరును మాత్రం గిన్నెలో వేయకండి.