కథ ఎవరిది, కావ్యమెవరిది?

"మైక్రోసాఫ్టువారు సొంతంగా కనిపెట్టినదేమున్నది మాస్టారూ?" అన్నాడొక పూర్వవిద్యార్థి. కిటికీలూ మౌసూ కలిసిన కంప్యూటరు 1970లలోనే జెరాక్స్ పరిశోధనశాలలో రూపుదిద్దుకుందట. ఆపిల్ మెకింటాష్ 1984లో వస్తే, విండోస్ 1985లో వచ్చిందట.

నిజమే. విండోస్ 95లో యంత్రాన్ని ఆపడానికి ‘స్టార్ట్’ నొక్కమనడం నాకూ వదతో వ్యాఘాతంగానే తోచింది. కాని 2001నాటి విండోస్ ఎక్స్‌పీలోని గౌతమి ఖతి వల్లనే గదా, నా తెరపై తెలుగు ఒత్తులు తొలిసారి కుదురుగా నిలిచినవి!

"నన్నయ మాత్రం భారతకథను కల్పించాడా నాయనా? తెనిగించాడు. అదీ ప్రతిభే" అన్నాను.

"నన్నయగారు వ్యాసులవారి పేరు చెప్పి, స్తుతించి మరీ మొదలుపెట్టారు గదండీ! ఆ పాఠం మీరు చెప్పిందే."

నిరుత్తరుణ్ణయ్యాను. అప్పు తీసుకోవడం తప్పు కాదు, ఒప్పుకోకపోవడమే తప్పని తరగతిలో ఏటేటా చెప్పిన నేనే, ఒక ఖతి మీది మమకారంతో ఆ మాట మరిచాను. మిత్రులారా, శిష్యుని చేతిలో ఓడిన గురువు ధన్యుడంటారు. ఆ ధన్యత నాకు నిన్న దక్కింది.