వెనక్కి తీసుకోలేని అంకె

సాఫ్ట్‌వేర్ పేరు పక్కన 6.9 అనో, 1.0 అనో అంకెలుంటాయి. కొత్తది వస్తే అంకె పెరుగుతుంది, అంతేగా అనిపిస్తుంది. డెబియన్‌ను చూసుకునే వాలంటీర్లకు మాత్రం అది అంత తేలికైన విషయం కాదు.

ఎవరెవరో రాసిన వేల ప్రోగ్రాములను ప్యాకేజీలుగా కట్టి, ఒకదానికొకటి సరిపడేలా అమర్చి ఉచితంగా ఇచ్చే లినక్స్ డెబియన్. ఇయాన్ మర్డాక్ దీన్ని 1993లో మొదలుపెట్టారు. ఇందులో పాత ప్యాకేజీని మార్చాలా వద్దా అన్నది కంప్యూటరు అంకె చూసే తేల్చుకుంటుంది. పెద్దదైతే తీసుకుంటుంది, చిన్నదైతే వదిలేస్తుంది. ఇవి బడిలో నేర్చుకున్న దశాంశాలు కావు. 1.9 తర్వాత వచ్చేది 1.10. ఒకటో పాఠంలో తొమ్మిదో ప్రశ్న తర్వాత పదో ప్రశ్న వచ్చినట్టన్నమాట!

తెరమీద విండోలు, మౌస్ బాణం కనిపించేలా చేసే 'ఎక్స్' వ్యవస్థ చాలాకాలం ఒకే పెద్ద మూటగా ఉండేది. చిన్న తప్పు దిద్దినా మూటంతా కొత్తగా కట్టాల్సిందే. అందుకని 2005 డిసెంబరులో దాన్ని విడి భాగాలుగా చేశారు. ఉమ్మడి కుటుంబం వేరుపడ్డట్టు ఒక్కోదానికీ సొంత లెక్క. వాటిలో చాలావాటి అంకె 1.0 దగ్గర మొదలైంది. అప్పటిదాకా మూట అంకె 6.9!

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మనిషికి తెలుసు. కంప్యూటరుకు తెలీదుగా. దాని లెక్కలో 6.9 తర్వాత 1.0 వస్తే అది పాతదే. తీసుకోనంటుంది. కొత్త సదుపాయాలు రాకపోతే పోనీ అనుకోవచ్చు. భద్రతా లోపాన్ని సరిచేసిన ప్యాకేజీ కూడా అలాగే గుమ్మం బయట ఆగిపోతే? తన కంప్యూటరుకు మరమ్మతు అందలేదన్న సంగతి వాడేవాళ్లకి తెలియను కూడా తెలియదు.

దీనికి డెబియన్‌లో ఓ ఉపాయం ఉంది. అంకెకు ముందు మరో అంకె, పక్కన రెండు చుక్కలు పెడతారు. దాన్ని 'ఎపోక్' అంటారు, అంటే యుగం. కలియుగంలో మొదటి ఏడాదైనా ద్వాపరంలో చివరి ఏడాది తర్వాతే కదా! అలా '2:' చేర్చగానే 1.0 కాస్తా 6.9ని దాటేసింది.

కానీ ఏరు దాటాక తెప్ప తగలేద్దామంటే ఇక్కడ కుదరదు. 2021లో ఎక్స్ సర్వర్ లెక్క మారి 21.1 అయింది. 6.9 కన్నా అది ఎటూ పెద్దదే, '2:'తో పనేముంది అనిపిస్తుంది. తీసేస్తే యుగం సున్నా అయిపోతుంది, కొత్తదంతా మళ్లీ పాతదైపోతుంది! అందుకే 2023లో వచ్చిన డెబియన్ 12లోనూ అది '2:21.1.7'గానే ఉంది. ఎపోక్ మార్చేముందు తోటివాళ్లతో చర్చించి ఒప్పించాలన్న నియమం పెట్టుకున్నదీ ఇందుకే.

ఒకసారి ఇచ్చిన అంకె అప్పటికే ఎన్నో ఊళ్లలో, ఎవరెవరి కంప్యూటర్లలోనో చేరిపోయి ఉంటుంది. వాళ్లెవరో ఇచ్చినవాళ్లకి తెలీదు. అయినా ఆ మాటకు కట్టుబడి, పదిహేడేళ్ల తర్వాత కూడా ఆ '2:'ని మోస్తూనే ఉన్నారు.