ఎద్దు ఏ లెక్కలోకి వస్తుంది?

2010 నవంబరులో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో పులుల కోసం ఒక పెద్ద సమావేశం జరిగింది. అడవుల్లో ఇంకా పులులున్న 13 దేశాల వాళ్లు వచ్చారు. అప్పటి రష్యా ప్రధాని పుతిన్ దగ్గరుండి జరిపించాడు. ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడూ వచ్చాడు. ప్రపంచమంతా కలిపి అడవి పులులు 3,200 మాత్రమే మిగిలాయని అప్పటి అంచనా. 2022 కల్లా ఆ సంఖ్యను రెట్టింపు చేయాలని అక్కడ తీర్మానం చేశారు. చైనా పంచాంగంలో 2022 పులి సంవత్సరం, అందుకే ఆ గడువు. హాలీవుడ్ నటుడు లియొనార్డో డికాప్రియో పది లక్షల డాలర్లు ఇస్తానని ప్రకటించాడు.

జంతువుల కోసం డబ్బిచ్చేవాళ్లు ఇలా ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. పులులకు దాతలున్నారు, ఏనుగులకు ఉన్నారు, పట్నంలో వీధికుక్కలకు ఉన్నారు, ఫారాల్లో ఇరుకు పంజరాల్లో పెరిగే కోళ్లకు కూడా ఉన్నారు. ఎవరికి ఎంత ఇవ్వాలి, పోయిన ఏడాది ఇచ్చింది ఏమైంది అని లెక్కలు చూసుకుంటారు. అందులో తప్పేమీ లేదు, ఇచ్చేవాడు లెక్క అడగాల్సిందే. కానీ ఆ హాల్లో అనుకున్న మాట నాలుగేళ్లకో పదేళ్లకో మన ఊరి పొలిమేరకు వస్తుంది. వచ్చేటప్పటికి అది చట్టంగానో, చెక్‌పోస్టుగానో, ఊరు ఖాళీ చేయమనే కాగితంగానో మారి ఉంటుంది. అందుకే మన పిల్లలకు ఈ సంగతి తెలియాలంటాను.

మన దేశంలో ఇది పాత కథే. 1972లో డబ్ల్యుడబ్ల్యుఎఫ్ తరఫున గై మౌంట్‌ఫోర్ట్ అనే ఆయన ఇందిరాగాంధీని కలిసి, పులుల కోసం పూనుకుంటే పది లక్షల డాలర్లు పోగుచేసి ఇస్తామన్నాడు. 1973 ఏప్రిల్ 1న కార్బెట్‌లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. ఆ డబ్బు వృథా కాలేదు. 2006 లెక్కలో దేశంలో పులులు 1,411. 2022 లెక్కలో 3,682. మన కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయింది. తాడోబా వైపు నుంచి పులులు ప్రాణహిత దాటి మన అడవికి వస్తున్నాయి. పులి బతకాలని నేనూ కోరుకుంటాను. పులి ఉన్న అడవిని నరకడానికి ఎవడికైనా కొంచెం భయం ఉంటుంది, పులి లేని అడవిని ఎవడైనా ట్రాక్టరు పెట్టి దున్నేస్తాడు. ఇది మా తాత చెప్పిన మాట, ఏ శాస్త్రవేత్త చెప్పినదీ కాదు.

మూడేళ్ల కిందట అలాంటి సమావేశానికే, అయితే చాలా చిన్నదానికి, నేను హైదరాబాద్ వెళ్లాను. అడవి జంతువుల రక్షణకు నిధులిచ్చేవాళ్లు, ఆ నిధులతో పనిచేసే సంస్థలు రెండు రోజులు కూర్చున్నారు. ఒక పూట "స్థానికుల గొంతు" అని పెట్టారు. దానికి మా పక్క గూడెం పటేల్‌ను పిలిచారు. ఆయనకు గోండి తప్ప వేరే భాషలో నాలుగు మాటలు కలిపి మాట్లాడటం ఇష్టముండదు. "గురూజీ, నువ్వొస్తే వస్తా, లేకుంటే రాను" అన్నాడు. అట్లా దుబాసీగా వెళ్లాను. హోటల్లో భోజనాల దగ్గర జొన్నరొట్టె పెట్టి పక్కన "అడవి బిడ్డల ఆహారం" అని చీటీ నిలబెట్టారు. పటేల్ దాన్ని చదివించుకుని, రొట్టె విరిచి చూసి, "మైదా కలిపిండ్రు" అన్నాడు.

అక్కడ తెరమీద ఒక పట్టిక చూపించారు. మనుషుల మరణాలు ఒక గడిలో, పంట నష్టం ఒక గడిలో, పశు నష్టం ఒక గడిలో. నేను గోండిలో చెబుతున్నాను. పశు నష్టం దగ్గరికి వచ్చేసరికి పటేల్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "జంతువులను కాపాడే మీటింగు అన్నవు కదా. మరి ఎద్దు జంతువు కాదా?"

ఆయన అడిగింది ఊరికే కాదు. ఆ ముందు వానాకాలంలో ఆయన సర్జాను పులి చంపింది. సర్జా, రాజా ఆయన జత. మా దగ్గర సగం జతల పేర్లు ఇవే. పత్తి చేనులో దౌర తోలే రోజులవి. జతలో ఒకటి పోతే మిగిలినది సగం ఎద్దు అనుకోవద్దు, అది పని విషయంలో సున్నా. కొత్త ఎద్దును తెచ్చి కడితే కాడి ఒకవైపు లాగుతుంది, అలవాటు కావడానికి నెలలు పడుతుంది. ఈలోగా చేను గడ్డిపాలు. పటేల్ చెప్పింది ఇవేమీ కాదు. రాజా రెండు రోజులు మేత ముట్టలేదనీ, సాయంత్రం కాగానే వాగు వైపు తిరిగి అరిచేదనీ చెప్పాడు. ఆ ఏడు పోలా పండుగకు ఒక్క ఎద్దును ఎట్లా ఊరేగించాలో తెలియక ఇంట్లోనే కట్టేశాడట.

పోలా గురించి తెలియని మైదాన ప్రాంతపు టీచర్ల కోసం చెబుతాను. శ్రావణ అమావాస్య రోజు మేం ఎద్దులకు కాడి పెట్టం. తెల్లవారుజామునే వాగుకు తోలుకుపోయి కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టి ఊరంతా తిప్పుతాం. ముందు వాటికి పెట్టిన తర్వాతే ఇంట్లోవాళ్లు తింటారు. జంతు సంక్షేమం అనే మాట మేం వినకముందు నుంచీ ఈ పండుగ ఉంది. నేను ఇదంతా తెలుగులో చెప్పాను, ఇంకొకరు ఇంగ్లీషులో చెప్పారు. ఒక పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. నిర్వాహకులు "చాలా మంచి అనుభవం" అన్నారు. తర్వాతి పట్టికకు వెళ్లారు. పటేల్ అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు.

జవాబు నేను తర్వాత వెతుక్కున్నాను. 1960లో జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం వచ్చింది. రాజ్యసభలో దాని కోసం పట్టుబట్టింది నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలూ ఆమే. ఎద్దు మీద మోయలేని బరువు వేస్తే, కొడితే, ఆ చట్టం పట్టించుకుంటుంది. పులి మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. అంటే ఎద్దును నేను కొడితే ఒక చట్టం, పులి తింటే ఇంకో చట్టం. రెండో చట్టం దృష్టిలో ఎద్దు ప్రాణి కాదు, ఆస్తి. ఇక ఆఫీసులకు వస్తే, ఎద్దును చూసేది పశుసంవర్ధక శాఖ, పులిని చూసేది అటవీ శాఖ, మనల్ని చూసేది గిరిజన సంక్షేమ శాఖ. ఒకే వాగులో నీళ్లు తాగే ముగ్గురికీ మూడు దారులు, ముగ్గురు సార్లు. దాతలు కూడా అట్లాగే విడిపోయారు. పులికిచ్చేవాళ్ల మీటింగులో ఎద్దు నష్టాల గడిలో ఉంటుంది. పశువులకిచ్చేవాళ్ల చూపేమో ఎక్కువగా గోశాల మీద, పట్నం మీద. మా చేనులో ఎద్దు ఇద్దరి లెక్కలోకీ రాదు.

దీనివల్ల నష్టపోయేది పులి కూడా. ఎట్లాగో చెబుతాను. పశువును పులి చంపితే కళేబరాన్ని కదిలించకూడదు. కబురు పెట్టాలి, బీట్ ఆఫీసర్ రావాలి, పశువైద్యుడు వచ్చి పులి దాడే అని రాయాలి, పంచనామా కావాలి, ఫొటోలు, ఆధార్, బ్యాంకు పుస్తకం కావాలి. ఫోను సిగ్నల్ లేని గూడెంలో ఇదంతా ఎప్పటికి తెమలాలి? డబ్బులు ఎప్పుడొస్తాయో తెలియదు. కడుపుమండినవాడు కళేబరం మీద పురుగుమందు చల్లుతాడు. పులి మళ్లీ తిండికి వస్తుంది కదా. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోయి దొరికాయి. విషం పెట్టారన్న కేసు నడిచింది. విషం పెట్టడం నేను సమర్థించను. పిల్లలకూ అదే చెబుతాను, ఆ విషం గద్దనూ నక్కనూ ఊరికుక్కనూ కూడా చంపుతుంది. అయితే కోట్లు ఖర్చుపెట్టి కెమెరాలు కట్టేవాళ్లు, ఒక ఎద్దు ఖరీదు వారంలో చేతికందేలా చేస్తే ఎన్ని పులులు మిగులుతాయో ఆ లెక్క కూడా వేసుకోవాలి.

ఇది కలగని చెబుతున్న మాట కాదు. కార్బెట్ చుట్టుపక్కల ఊళ్లలో పులి పశువును చంపితే, సర్కారు పరిహారం వచ్చేలోపు కొంత డబ్బు వెంటనే ఇచ్చే పద్ధతి ఏళ్లుగా ఉంది. కార్బెట్ ఫౌండేషన్, డబ్ల్యుడబ్ల్యుఎఫ్ కలిసి నడిపాయి. కర్ణాటకలో బండీపూర్, నాగరహొళె అడవుల పక్కన 2015 నుంచి 'వైల్డ్ సేవె' అని ఒకటి నడుస్తోంది. రైతు ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే మనిషి వచ్చి ఫొటోలు తీసి, కాగితాలు నింపి, ఆఫీసులో ఇచ్చి వెంటపడతాడు. అంతే పని. చూడటానికి గొప్పగా ఉండదు, సినిమా తీయడానికి పనికిరాదు. కానీ దాతల డబ్బుతో జరిగే పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

నచ్చనిది ఊళ్లు లేపడం. ఆ మీటింగు రెండో రోజు ఒకాయన, కోర్ ప్రాంతంలోని ఊళ్లు "స్వచ్ఛందంగా" బయటికి వస్తే ఇళ్లకూ బడికీ అదనపు నిధులివ్వడానికి సిద్ధమన్నాడు. మర్యాదగానే అన్నాడు. స్వచ్ఛందంగా అనే మాటను గోండిలో "మీ ఇష్టంతోనే" అని చెప్పాను. పటేల్ కొంచెం సేపు ఆలోచించి అడిగాడు: "ఇష్టం లేదంటే ఏమైతది?"

హాల్లో ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఇష్టం లేదన్న ఊళ్లకు ఏమవుతుందో మాకు తెలుసు. రోడ్డు ఆగుతుంది, కరెంటు స్తంభం ఆగుతుంది, బడికి గది ఆగుతుంది. పదేళ్లు అట్లా ఉంచి తర్వాత ఇష్టమేనా అని అడుగుతారు.

2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. దేశంలోని టైగర్ రిజర్వుల కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు ఉన్నాయి, తరలింపును ముందుకు తీసుకుపోండి అని. కుటుంబానికి ప్యాకేజీ ఒకప్పుడు 10 లక్షలు, 2021 నుంచి 15 లక్షలు. కానీ చట్టం వేరే మాట కూడా చెబుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం నాలుగో సెక్షన్ చదవండి, ముఖ్యంగా యువకులు చదవండి. ముందు హక్కులు గుర్తించడం పూర్తి కావాలి. మనుషులు ఉంటే ఆ జంతువుకు తిరిగి పూడ్చలేని నష్టమని తేలాలి. కలిసి బతకడం కుదరదని తేలాలి. గ్రామసభ అన్నీ తెలుసుకుని, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇవతలి పనులు అయ్యేదాకా అవతలికి పంపకూడదు. గ్రామసభ అంటే పటేల్ ఒక్కడి వేలిముద్ర కాదు.

కలిసి బతకడం కుదురుతుందా అంటే కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండలను చూడండి. అది టైగర్ రిజర్వే. అక్కడి సోలిగ ఆదివాసులకు 2011లో అటవీ హక్కులు దక్కాయి. 2010లో అక్కడ 35 పులులుంటే 2014 నాటికి 68 అయ్యాయని లెక్క తేలింది. సోలిగల వల్లే పెరిగాయని నేను అనను. సోలిగలు ఉండగానే పెరిగాయి, అది చాలు.

మా వైపు భయం లేదని కూడా అనను. 2020 నవంబరులో మా జిల్లాలో ఒకే నెలలో ఇద్దరిని పులి చంపింది, ఒక యువకుడు, పత్తి ఏరుతున్న ఒక అమ్మాయి. ఆ పత్తి కాలమంతా పిల్లలు బడికి గుంపులుగా, డబ్బాలు కొట్టుకుంటూ వచ్చారు. నిధులిచ్చేవాళ్లు ఆ డబ్బాల చప్పుడు ఒక పూట వినాలి. 2019లో విదేశీ పత్రికలు, పార్కుల్లో గార్డులు అడవి మనుషులను హింసించారని రాస్తే, డబ్ల్యుడబ్ల్యుఎఫ్ తానే నవీ పిళ్లై అధ్యక్షతన విచారణ వేసుకుంది. ఆరోపణలు తెలిసి కూడా కొన్నిచోట్ల ఆ సంస్థ తగినట్టు స్పందించలేదని 2020లో ఆ నివేదిక తేల్చింది. కాబట్టి డబ్బిచ్చి పక్కకు తప్పుకోవడం కుదరదని వాళ్లకూ తెలుసు. ఇచ్చే ముందు ఒక కాగితం అడిగితే చాలు: గ్రామసభ తీర్మానం ఎక్కడ? రసీదు అడిగేవాళ్లకు ఇది కష్టమైన పని కాదు.

వచ్చే బస్సులో పటేల్ ఎక్కువ మాట్లాడలేదు. జన్నారం దాటాక, "వాళ్లు చెడ్డోళ్లు కాదు గురూజీ, వాళ్ల ఇంట్ల ఎద్దు లేదు" అన్నాడు.

ఆ తర్వాత మా బడిలో ఒక పని మొదలుపెట్టాను. ఏడో తరగతి తెలుగులో లేఖారచన ఉంటుంది కదా. సెలవు చీటీకి బదులు, పులి పశువును చంపినప్పుడు రేంజ్ ఆఫీసుకు పెట్టే దరఖాస్తు రాయిస్తున్నాను. తేదీ, చోటు, సర్వే నంబరు, సాక్షులు, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారు, అన్నీ ఉండాలి. ఇప్పటికి నాలుగు గూడేల్లో పిల్లలు రాసిన దరఖాస్తులే ఆఫీసుకు వెళ్లాయి. రెండింటికి డబ్బులు వచ్చాయి, రెండు ఇంకా తిరుగుతున్నాయి. ఇతర టీచర్లు కూడా దీన్ని మొదలుపెడితే బాగుంటుంది, నమూనా కావాలంటే ఇస్తాను. మేం గీసుకున్న నమూనాలో పశువు రకం, రంగు, వయసు, అంచనా విలువ అని నాలుగు గడులున్నాయి. మొన్న ఒక అమ్మాయి నాలుగూ నింపి, పెన్ను పట్టుకుని కూర్చుంది.

"పేరు ఎక్కడ రాయాలి సార్?"

"కింద సంతకం దగ్గర, మీ నాయన పేరు."

"నాయనది కాదు సార్, ఎద్దుది."