బొమ్మకి ఎవరు కూర్చున్నట్టు?

రాజమండ్రి వెళ్తే ఏం చేస్తారు మీరు? నాకు తెలుసు లెండి. రోజ్ మిల్క్ తాగుతారు, పుష్కర ఘాట్‌లో ఫొటో దిగుతారు, బస్సెక్కేస్తారు. చిత్రకారుడు దామెర్ల రామారావు గారి గ్యాలరీ వైపు మాత్రం కన్నెత్తి చూడరు. ఇదీ మీతో నా తగువు!

అక్కడ బొమ్మల్లో ఎవరున్నారనుకున్నారు? సత్యవాణి గారు. రామారావు గారి భార్య. వందేళ్ల కింద, పరాయివాడి ముందు బొమ్మకి నిలబడమంటే మన ఆడవాళ్లు ఎవరొస్తారండీ? ఇంటి ఇల్లాలే నిలబడ్డారట. పొయ్యి మీద ఎసరు మరుగుతున్నా సరే, 'ఇంకాస్సేపు, కదలకు' అని ఆయన బతిమాలుకుని ఉండరూ? 'పుష్పాలంకారం', 'సిద్ధార్థ రాగోదయం' లాంటి బొమ్మల ముందు నాకు ఇదే పని. ఈ మెడ వంపు ఆవిడదా? ఆ చెయ్యి తిప్పడం ఆవిడదా? వెతుక్కుంటూ నిలబడిపోతాను. వెనకవాళ్లు దగ్గుతారు. దగ్గనీ!

రామారావు గారిలోని పనితనాన్ని గుర్తించింది ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్ కూల్డ్రే దొర. ఆ తర్వాత రామారావు గారు బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకొచ్చారు. 1925లో మశూచి సోకి, 28 నిండకుండానే పోయారు. ఇంకో ముప్పై ఏళ్లు బతికుంటేనా... సరే, పోనివ్వండి.

కొయ్యూరు వాడివి, నీకెందుకయ్యా రాజమండ్రి గొడవ అంటారా? ఉందండీ బాబూ, సంబంధం ఉంది. అదే ఊళ్లో, సెంట్రల్ జైల్లో ఫొటోలు తీసే ఉద్యోగి ఒకాయన ఉండేవారు. అల్లూరి వెంకటరామరాజు గారు. మన మన్యం వీరుడు సీతారామరాజు గారి తండ్రే! ఫొటోగ్రాఫరు కొడుకై ఉండి కూడా, సీతారామరాజుదని మనం చెప్పుకునే ఫొటో ప్రాణం పోయాక తీసింది. 1924 మే 7న మంప దగ్గర బ్రిటిషువాళ్లు పట్టుకుని, మా కొయ్యూరు తెచ్చి కాల్చేశారు కదా. ఆ ఫొటో చూసి విగ్రహం చెయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది?

మరి ఊరూరా ఉన్న రాజుగారి బొమ్మలకి ఎవరు కూర్చున్నట్టు?

ఇంకెవరు, సూపర్‌స్టార్ కృష్ణ! రాజుగారి పాత్ర వేసిన 1974 సినిమా. ఆయనకి నూరోది. మా పక్క చింతపల్లి అడవుల్లోనే తీశారు. అప్పట్నుంచీ చూడండి, పెయింటరు నిచ్చెనెక్కుతాడు, కాషాయం చుడతాడు, గడ్డం పెడతాడు, విల్లు చేతికిస్తాడు. బుగ్గల దగ్గరికొచ్చేసరికి కుంచె దానంతటదే కృష్ణగారి వైపు లాగేస్తుంది. కాస్త నిండుగా, నున్నగా, పౌడరు రాసినట్టు. 'కొండల్లో పస్తులుండి తిరిగిన మనిషికి ఈ బుగ్గలేమిటోయ్?' అన్నాను ఒకడితో. 'సినిమాలో ఇలాగే ఉంటాయండి' అన్నాడు. ఏం చెప్పను? పైగా నాకూ ఆ బుగ్గలే అలవాటైపోయాయి. సన్నగా గీస్తే ఎవరో అనుకుంటాను!

2022లో రాజుగారి మీద ఇంకో సినిమా వచ్చాక ఇంకో చిక్కు. ఫ్లెక్సీల్లో రాజుగారికి కండలొచ్చాయి. రామ్‌చరణ్ వచ్చి కూర్చున్నాడన్నమాట. పిల్లలు అదే అసలంటారు, పెద్దాళ్లు కృష్ణే అసలంటారు. టీ కొట్టు దగ్గర ఈ పంచాయితీ తెగదు. తెగకపోతేనే బాగుంటుంది, ఇంకో టీ తాగొచ్చు.

నాకు మాత్రం రాజుగారి అనుచరుడు గాం గంటం దొర మీద ఆశ. ఆయన తమ్ముడు మల్లు దొర 1952లో పార్లమెంటుకే వెళ్లాడు. కాబట్టి ఆయన ఫొటోకి లోటుండదు. గంటం దొరకి మాత్రం ఏ హీరో ముఖమూ గట్టిగా అతుక్కోలేదు. అంటే కుర్చీ ఖాళీగా ఉందన్నమాట! అన్నట్టు, మీ మావయ్యకి దవడ ఎముకలు పైకి ఉంటాయి, చూపు సూటిగా ఉంటుంది. ఆదివారం తీరికేనా ఆయనకి? పెయింటరుతో నేను మాట్లాడతాను. చుట్ట కాల్చుకోవచ్చు, కబుర్లు చెప్పొచ్చు, తల తిప్పకూడదు, అంతే. షేవింగ్ మాత్రం చేయించకండి.