తనంతట తాను వచ్చేదాకా

మా నాయనమ్మ కాలంలో పిల్లిని ఎవరూ తెచ్చుకునేవారు కాదు, అదే వచ్చేది. గాదెలో ధాన్యం ఉంటే ఎలుకలు చేరేవి, ఎలుకలున్న చోటికి పిల్లి చేరేది. అటక మీద ఈనేది. పిల్లల్ని నోట కరుచుకుని ఏడిళ్ళు తిప్పేది. మళ్ళీ ఏదో ఒక మధ్యాహ్నం వంటింటి గడప దగ్గర కనిపించేది. ఇల్లు నచ్చితే ఉండేది, నచ్చకపోతే పక్కింటికి పోయేది. అది ఎవరి పిల్లి అని అడిగినవాళ్ళూ లేరు, చెప్పగలిగినవాళ్ళూ లేరు.

పిల్లికీ మనిషికీ మొదటినుంచీ ఉన్న ఒప్పందం ఇదే. ఆవునీ మేకనీ మనిషి పట్టి తెచ్చి మచ్చిక చేసుకున్నాడు. పిల్లి మాత్రం, పశ్చిమాసియాలో తొలి రైతులు గింజలు దాచుకోవడం మొదలుపెట్టాక, ఎలుకల వాసన పట్టుకుని తనే ఊళ్ళోకి నడిచి వచ్చింది. సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ళ నాటి సమాధి గురించి 2004లో ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్తలు ప్రకటించారు. మనిషి అస్థిపంజరానికి సుమారు మూరెడు దూరంలో, ఎనిమిది నెలల వయసున్న పిల్లి అస్థిపంజరం. ఆ దీవిలో పుట్టి పెరిగిన జాతి కాదది, ఎవరో పడవలో వెంట తెచ్చుకున్నారు. అప్పటికే అంత చనువు కుదిరిందంటే దానికి ఎన్ని తరాల రాకపోకలు కావాలో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు మన ఫ్లాట్లలో గాదెలు లేవు, అటకలు లేవు, బియ్యం డబ్బాకి గట్టి మూత ఉంది. నాలుగో అంతస్తుకి పిల్లి తనంతట తాను రాదు. సెల్లార్లో కార్ల మధ్య ఈనినవి, బళ్ళ కింద పడి కాళ్ళు విరిగినవి, ఇల్లు మారుతూ యజమానులు వదిలేసి వెళ్ళినవి, ఇవన్నీ షెల్టర్లకు చేరుతున్నాయి. 1992లో అక్కినేని అమల హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ మొదలుపెట్టారు. అలాంటి సంస్థల పక్కనే, సొంత ఇంట్లో ఓ గది ఖాళీ చేసి దెబ్బతిన్న పిల్లులకు మందు వేసేవాళ్ళు కూడా మన ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళ పేర్లు పేపర్లో రావు. వాళ్ళు లేకపోతే ఈ పిల్లుల్లో చాలావాటికి తెల్లారదు.

షెల్టర్‌కి వెళ్ళిన ఎవరైనా ముందు ఆగేది కూనల గూడు దగ్గరే. అది సహజం. వెనక వరసలో పెద్ద పిల్లులుంటాయి, నెలల తరబడి ఉంటాయి. మొదటిసారి పిల్లిని పెంచేవాళ్ళు ఆ వెనక వరసకే వెళ్ళాలని నేను గట్టిగా నమ్ముతాను. కూన పెరిగి ఎలాంటిదవుతుందో ఎవరూ చెప్పలేరు. పెద్ద పిల్లి స్వభావం ఏమిటో, పిల్లలున్న ఇంట్లో ఉండగలదో లేదో, రోజూ గిన్నె కడిగే అమ్మాయికి తెలుసు. మేము తెచ్చుకున్నది నల్లటి ఆడపిల్లి. ఎడమ చెవి కొస కత్తిరించి ఉంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందనడానికి అది గుర్తు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తూ దీన్ని మెట్ల మీద వదిలి వెళ్ళారట. "నల్లదని ఎవరూ అడగరక్కా" అంది ఆ అమ్మాయి. శకునాల భయం మన దగ్గర ఇంకా అంత బలంగా ఉంది.

భయం మా ఇంట్లోనూ ఉంది. "పొద్దున్నే బయల్దేరేటప్పుడు ఎదురొస్తే ఏం చేస్తావే?" అని అమ్మ. దారిలో పిల్లి ఎదురైతే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళడం ఆవిడకు చిన్నప్పటినుంచీ అలవాటు. నేను వాదించలేదు. పిల్లికి నల్లపూస అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

బుట్టలో పెట్టి తెచ్చిన పిల్లికి మనం ఒకటి బాకీ పడతాం. నాయనమ్మ ఇంటి పిల్లికి రావడం, పోవడం తన చేతిలో ఉండేది. దీనికి ఆ అవకాశం మనం తీసేశాం. ఇంటికి అలవాటు చేయడమంటే, ఆ ఎంపికని దానికి కొంచెం కొంచెంగా తిరిగి ఇవ్వడమే అని నాకనిపిస్తుంది. అందుకే ముందు ఒక్కటే గది. ఇల్లంతా ఒకేసారి చూపిస్తే ఎక్కడ దాక్కోవాలో తెలియక కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంది. ఆ గదిలో ఒక మూల తిండి, నీళ్ళు, దానికి దూరంగా ఇంకో మూల ఇసుక పెట్టె. ఇసుకలో గొయ్యి తీసి కప్పెట్టడం దానికి ఎవరూ నేర్పనక్కర్లేదు, ఎడారి అంచుల్లో బతికిన పూర్వీకుల అలవాటు అది. కానీ తినేచోట ఆ పని చేయమంటే చేయదు.

అన్నిటికన్నా ముఖ్యం దాక్కునే చోటు. నెదర్లాండ్స్‌లో ఊట్రెక్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. షెల్టర్‌కి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నిటికి అట్టపెట్టెలు ఇచ్చారు, కొన్నిటికి ఇవ్వలేదు. పెట్టె దొరికినవి తొందరగా కుదుటపడ్డాయి. దాక్కోగలనన్న ధీమా ఉంటేనే బయటికి రావడానికి ధైర్యం వస్తుంది. మా నల్లపూసకి మిక్సీ వచ్చిన పెట్టె ఇచ్చాం. అది ఇనప బీరువా వెనక సందు ఎంచుకుంది. పగలంతా అక్కడే. రాత్రి మేం పడుకున్నాక గిన్నె ఖాళీ అయ్యేది, ఇసుక తవ్విన గుర్తులుండేవి, పిల్లి మాత్రం కనపడేది కాదు.

ఈ దశలో ఇంట్లో అందరికీ చేతులు దురద పెడతాయి. లాగి ఒళ్ళో పెట్టుకుంటే అలవాటైపోతుంది అంటారు. మనకి ప్రేమంటే ఎత్తుకోవడం, ముద్దుచేయడం, కొసరి తినిపించడం. పిల్లి దగ్గర ఇవేవీ పనికిరావు. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరం విన్నదే. కాగే పాలు పెడితే మూతి కాలి, ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పారిపోయింది. చిన్నప్పుడు రామకృష్ణుడి తెలివికి మురిసిపోయేవాళ్ళం. ఇప్పుడా కథ తలుచుకుంటే నాకు పిల్లే గుర్తొస్తుంది. షెల్టర్ నుంచి వచ్చిన ప్రతి పిల్లికీ ఎక్కడో ఒకచోట మూతి కాలే ఉంటుంది. ఎక్కడో మనకి తెలియదు. చీపురు చూస్తే కావచ్చు, మగగొంతు వింటే కావచ్చు, మెట్ల మీద చెప్పుల చప్పుడు కావచ్చు.

చేయగలిగిందల్లా ఆ గదిలో నేల మీద కూర్చుని మన పని మనం చేసుకోవడం. చూపు కలిసినప్పుడు గుచ్చి చూడకుండా, కళ్ళు మెల్లగా సగం మూసి మెల్లగా తెరవాలి. పిల్లి కూడా అలాగే బదులిస్తుందనీ, అలా చేసిన కొత్త మనిషి దగ్గరికి రావడానికి ఎక్కువ ఇష్టపడుతుందనీ 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షించి చూపించారు.

ఓపికకీ ఒక హద్దుంది, అది తిండి. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ ముట్టకపోతే ఒంట్లో కొవ్వు కాలేయానికి చేరి ప్రాణం మీదికి వస్తుంది. బెంగ పెట్టుకుందిలే అని ఊరుకోకూడదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. షెల్టర్లో ఏం తినేదో కొన్నాళ్ళు అదే పెట్టాలి. మా ఇంట్లో నీచు వండరు. పెరుగన్నంతో సరిపెట్టొచ్చు కదా అని అమ్మ అడిగింది. సరిపోదు. టారిన్ అనే పదార్థం పిల్లికి తప్పనిసరి, అది మాంసంలో, చేపలో ఉంటుంది. అది చాలకపోతే చూపు పోతుంది, గుండె బలహీనపడుతుంది. గుండె జబ్బుకి ఇదే కారణమని 1987లో తేలాకే పిల్లుల మేతలో టారిన్ పెంచారు. అందుకని శాకాహారుల ఇంట్లో పిల్లిని పెంచాలంటే ప్యాకెట్ మేతకి ఒప్పుకోవాలి. అమ్మ ఒప్పుకుంది. గిన్నె మాత్రం బాల్కనీలో విడిగా కడుగుతుంది. పాలు కూడా ఎదిగిన పిల్లులు చాలావాటికి పడవు. మంచినీళ్ళు చాలు.

ఇంకొన్ని మాటలు గట్టిగా చెప్పాలి. ఇల్లు తుడిచే ఫినాయిల్ పిల్లికి విషం. తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది, అలా లోపలికి పోతుంది. ఒళ్ళు వెచ్చగా ఉందని పారాసిటమాల్ ముక్క వేస్తే చచ్చిపోతుంది. దాని కాలేయం ఆ మందుని అరిగించుకోలేదు. ఇక బాల్కనీకి పావురాల కోసం కట్టించే వల ఉంటుంది కదా, దాన్ని కింద గోడ దాకా సందు లేకుండా బిగించాలి. పిల్లి ఎక్కడినుంచి పడ్డా కాళ్ళ మీదే దిగుతుందన్న ధీమా పనికిరాదు. దిగినా కాళ్ళు, దవడలు విరుగుతాయి.

అమ్మ రోజూ తెల్లవారుజామున విష్ణు సహస్రనామం చదువుకుంటుంది. పెద్దగా కాదు, గొంతు లోపలే, ఒకే ఎత్తులో, ఎక్కడా ఆగకుండా. ఒకరోజు గది తలుపు ఓరగా తెరిచి ఉంది. నేను కాఫీ కలుపుకుంటూ చూశాను. నల్లపూస గడప మీద కూర్చుని ఉంది. చెవులు రెండూ అమ్మ వైపు. అమ్మ చూసింది గానీ చదవడం ఆపలేదు, చేయి చాచలేదు. మర్నాడు గడప దాటి హాల్లో కూర్చుంది. ఇంకొన్నాళ్ళకి పీట దాకా వచ్చి, పుస్తకం పట్టుకున్న చేతిని వాసన చూసి, బుగ్గని ఆ మోచేతికి రాసింది. పిల్లి బుగ్గల్లో వాసన గ్రంథులుంటాయి. నచ్చిన గడపకీ, కుర్చీకీ, మనిషికీ అది తన వాసన అంటిస్తుంది. ఇంట్లో అది ముందుగా తనదనుకున్నది నన్ను కాదు, తనని వద్దన్న మనిషిని. ఆవిడ ఒక్కతే దాన్ని ఏమీ అడగలేదు.

ఇప్పుడది పొద్దున లేచింది మొదలు అమ్మకి అడ్డంపడుతూనే ఉంటుంది. అమ్మ చెప్పులేసుకుంటుంటే వాకిట్లోనే ఉంటుంది. అమ్మ కూర్చోదు, మంచినీళ్ళు తాగదు, "జరుగవే" అని గుడికి వెళ్ళిపోతుంది.

మొన్న టీకాకి తీసుకెళ్ళి వచ్చాక, ఆ షెల్టర్లో ఇంకా ఎన్ని మిగిలాయని అమ్మే అడిగింది. ఒంటికన్ను గండుపిల్లి ఒకటుంది, పెద్ద వయసు, ఎవరూ తీసుకోవడం లేదు. ఫోన్ చేస్తే ఇంకా ఉందన్నారు. మధ్యగది సర్దుతున్నాం. రెంటికీ మొహాలు చూపించడానికి తొందరేం లేదు. ముందు తలుపుకి అటూ ఇటూ ఒకదాని తువ్వాలు ఇంకోదానికి వేసి వాసనలు అలవాటు చేయాలి, తర్వాత తలుపు పక్కనే చెరోవైపు తిండి పెట్టాలి. ఎన్నాళ్ళు పడుతుందో అవే చెప్పాలి. నల్లపూస తువ్వాలు అమ్మ ఉతక్కుండా పక్కన పెట్టింది.