దశమ భాగం సీటీసీ మీదా, చేతికొచ్చేదాని మీదా?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే క్రైస్తవులు నలుగురు ఒకచోట చేరితే ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న రాక మానదు. దశమ భాగం తీయాల్సింది గ్రాస్ మీదా, లేక టీడీఎస్సూ పీఎఫ్ఫూ పోగా అకౌంట్లో పడేదాని మీదా? బోనస్ సంగతేంటి? కంపెనీ షేర్లిస్తే వచ్చినప్పుడు తీయాలా, అమ్మినప్పుడా? నవ్వొస్తుంది గానీ అడిగేవాడు నిజాయితీగానే అడుగుతాడు. పాత నిబంధనలో దశమ భాగమంటే ధాన్యం, ద్రాక్షారసం, నూనె, పశువులు. ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చూడండి. ఇచ్చేవాడు తన ఇంటివాళ్ళతో కలిసి దేవుని సన్నిధిలో దాన్ని తిని సంతోషించాలట! మూడో ఏడాది భాగం మాత్రం లేవీయులకీ, పరదేశులకీ, తండ్రిలేని పిల్లలకీ, విధవరాళ్ళకీ. పే స్లిప్పు గురించి మోషే ఏమీ చెప్పలేదు.

నన్ను ఇబ్బంది పెట్టేది ఆ ప్రశ్న కాదు, కొందరి నోట దానికి వచ్చే జవాబు. మలాకీ 3వ అధ్యాయం తెరిచి, "ఇవ్వండి, పదింతలై తిరిగొస్తుంది" అంటారు. ఇది కానుకా, చిట్ ఫండా? మ్యూచువల్ ఫండ్ వాడు నయం, మార్కెట్ రిస్కు ఉంటుందని ముందే చెప్పేస్తాడు. మలాకీ మాట్లాడింది ఒక జాతి మొత్తంతో, మందిరంలో ఆహారం ఉండాలని. నీ ప్రమోషన్ గురించి కాదు.

దేవుడి మీద ఆధారపడటం అనగానే మన ప్రసంగాల్లో వినిపించే పేరు జార్జ్ ముల్లర్. 1805లో ప్రష్యాలో పుట్టి, ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో 1836లో అనాథాశ్రమం మొదలుపెట్టాడు. 1898లో చనిపోయేనాటికి పదివేలమందికి పైగా పిల్లలు ఆయన నీడన పెరిగారు. డబ్బు కావాలని మనుషుల్ని అడగను, దేవుణ్ణే అడుగుతాను అన్నది ఆయన నియమం. అప్పు కూడా చేసేవాడు కాదు. ఇంతవరకు అందరూ చెప్తారు. చెప్పనిది ఏమిటంటే, ఆయన ఏటేటా లెక్కలు అచ్చు వేయించేవాడు. ఇంకోటి, ఆయన ప్రార్థనకి జవాబు వచ్చిన ప్రతిసారీ ఎక్కడో ఒక మనిషి జేబులో చెయ్యి పెట్టాడు. ఆ మనిషి కథ మనకి ఎవరూ చెప్పరు.

ముల్లర్‌కీ మన గోదావరికీ చుట్టరికం ఉంది తెలుసా? ఆయన భార్య మేరీ అన్న ఆంథొనీ నారిస్ గ్రోవ్స్, ఎక్సెటర్‌లో పళ్ళ డాక్టరు. కూడబెట్టుకోవడం క్రైస్తవుడికి తగదని 1825లో ఒక చిన్న పుస్తకం రాసి, తర్వాత ప్రాక్టీసు వదిలేసి బాగ్దాద్ మీదుగా ఇండియాకి వచ్చాడు. 1836లో ఆయన వెంట వచ్చిన బౌడెన్, బీర్ దంపతులే నర్సాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌కి పునాది వేశారు.

వాళ్ళు విదేశీయులు, వాళ్ళ సంగతి వేరు అంటారా? అయితే డోర్నకల్ రండి. వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళుడు. 1912లో డోర్నకల్ బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఆయన విశ్వాసుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. వాళ్ళ దగ్గర ఏముందని అడగాలి అని ఆయన ఊరుకోలేదు. ఇవ్వడం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. పేదవాణ్ణి ఇవ్వనివ్వకపోవడం కూడా ఒకరకంగా చిన్నచూపేనని నా ఉద్దేశం. ఈ రోజుకీ మన పల్లెల్లో కోతల పండగకి గుమ్మడికాయో, కోడిపుంజో పట్టుకుని గుడికొచ్చేవాళ్ళని చూస్తే ఆ ఠీవి అర్థమవుతుంది.

2023లో నా ఉద్యోగం పోయింది. కంపెనీ పేరు అనవసరం. నాలుగు నెలలు ఖాళీ, ఈఎంఐ మాత్రం ఐదో తారీకున ఠంచనుగా కట్ అయ్యేది. "దేవుడు చూసుకుంటాడు" అని చాలామంది ఫోన్లు చేశారు. మా సంఘంలో ఆటో నడిపే ఒకాయన కూడా అదే అన్నాడు. కాకపోతే ఫోన్లో కాదు. పాతిక కేజీల బియ్యం బస్తా భుజాన వేసుకుని మూడో అంతస్తుకి ఎక్కొచ్చి, "దేవుడు చూసుకుంటాడు బ్రదర్" అని గుమ్మంలో దించాడు. వద్దనబోయాను. మా ఆవిడ నన్ను పక్కకి నెట్టి, "థాంక్స్ అన్నయ్యా, కాఫీ తాగి వెళ్ళండి" అంది. ఇవ్వడం నాకు అలవాటే, పన్నెండేళ్ళుగా ఇస్తున్నాను. నాకంటే ఎన్నో రెట్లు తక్కువ సంపాదించే మనిషి దగ్గర తీసుకోవడం ఉంది చూశారూ, అది మాత్రం గొంతులో అడ్డం పడింది.

ఆ తర్వాత రెండో కొరింథీయుల పత్రిక 8వ అధ్యాయం వేరేగా కనబడింది. యెరూషలేము పేదల కోసం చందా అడుగుతూ పౌలు రాసింది లాభం సంగతి కాదు, సమానత్వం సంగతి. ఇప్పుడు మీ కలిమి వాళ్ళ లేమికి, రేపు వాళ్ళది మీకు. అదే అధ్యాయంలో ఆ డబ్బు వెంట ఇంకొందర్ని కూడా పంపుతున్నాడు, ఎవరూ వేలెత్తి చూపకుండా. ఆడిట్ అన్నమాట.

మరి దాచుకోవద్దా అంటే, యోసేపు ఐగుప్తులో ఏడేళ్ళ పంట దాచాడు కదా. కొట్లు పెద్దవి కట్టించాలనుకుని ఆ రాత్రే పోయిన ధనవంతుడి కథ కూడా అదే బైబిల్లో ఉంది. రెంటికీ మధ్య గీత ఎక్కడ గీయాలో మా ఇంట్లో ఇంకా తేలలేదు. ఆరు నెలల ఖర్చు చాలు, మిగతాది సంఘంలో ఓ అమ్మాయి నర్సింగ్ ఫీజుకి ఇద్దామని మా ఆవిడ. తొమ్మిది నెలలదైనా ఉండాలని నేను. జూన్‌లో కాలేజీ తెరుస్తారు, ఈలోగా తేల్చాలి.