ముగింపు నిల్వ

మా ఊళ్ళో పేద పిల్లలకి కాలేజీ ఫీజులు కట్టే చిన్న ట్రస్టు ఒకటుంది. పదకొండేళ్ళుగా దాని లెక్కలు నేనే రాస్తున్నాను. జీతం లేదు, సాయంత్రం పూట ఓ గంట పని. ఏటా ఆడిట్ అయ్యాక జమాఖర్చుల పట్టీ దాతల వాట్సాప్ గ్రూపులో పెడతాను. రెండు బొటనవేళ్ళు వస్తాయి. అందులో ఒకటి మా కార్యదర్శి మాస్టారిది. అదే చెక్కు అందిస్తున్న ఫొటో పెడితే నలభై నమస్కారాలు.

నేను చూసినంతలో మనవాళ్ళు లెక్కని కాదు, మనిషిని నమ్ముతారు. "మాస్టారున్నారు కదా" అని డబ్బు చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. రసీదు ఇవ్వబోతే "అయ్యో, మీ మీద నమ్మకం లేకా!" అంటారు. రసీదంటే అనుమానమని ఎవరు నేర్పారో గానీ, తిరుమల హుండీ డబ్బుని కూడా పరకామణిలో పదిమంది కళ్ళముందే లెక్కపెడతారు.

ఇదివరకు పన్ను పుణ్యమా అని కొందరైనా కాగితం అడిగేవారు. 80జి మినహాయింపుకి 2,000 రూపాయలు దాటిన నగదు పనికిరాదు. 2021-22 నుంచి దాత పేరు, పాన్, ఇచ్చిన మొత్తం మేమే 10బిడి ఫారంలో ఎక్కించాల్సి వచ్చింది. విసుగు పనే గానీ నాకిష్టం. మా పుస్తకంలో అంకె, దాత చేతిలో అంకె, ప్రభుత్వం దగ్గర అంకె, మూడూ కలవాలి. కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపు లేదు. ఉద్యోగస్తులు అటు మారాక "సర్టిఫికెట్ అక్కర్లేదు లెండి" అనడం ఎక్కువైంది.

కిందటేడు మాత్రం రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన పట్టీ చదివారు. చదివి గ్రూపులోనే అడిగారు: "ముగింపు నిల్వ 1,80,000 ఉంది కదా, మళ్ళీ చందాలెందుకు?"

నాకు పండగలా అనిపించింది. మాస్టారికి రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే ఇంటికొచ్చి, "ఇన్నేళ్ళు చేశాక దొంగల్లా కనిపిస్తున్నామా? నువ్వే చూసుకో, నే మానేస్తా" అన్నారు. ఆయన కోపం ఉత్తది కాదు. ట్రస్టు పని మీద తిరిగే స్కూటరుకి పెట్రోలు కూడా సొంత డబ్బుతో పోయించుకునే మనిషి. "మాస్టారూ, ఆయన అడిగింది మిమ్మల్ని కాదు, కాగితాన్ని" అన్నాను. వినలేదు.

జవాబు రాశాను. ట్రస్టు తన ఆదాయంలో 15 శాతం దాకా దాచుకోవచ్చు, అలా కొన్నేళ్ళుగా పోగైన డబ్బది. ఇంజనీరింగు చదువుతున్న ముగ్గురికి చివరిదాకా కడతామని మాటిచ్చాం. ఒక్కొక్కరికి ఏడాదికి 30,000, ఇంకా రెండేళ్ళు. అంటే ఆ నిల్వంతా వాళ్ళదే. చందాలు ఆగితే కొత్తవాళ్ళని తీసుకోలేం.

ఆయన ఇంకోటి అడిగారు: "ఆ ముగ్గురి పేర్లూ ఫొటోలూ పెట్టొచ్చుగా?"

ఇక్కడ నేను మొండికేశాను. డబ్బు నేరుగా కాలేజీ ఖాతాకి వెళ్తుంది. ఫీజు రసీదులు ఆడిటరు చూస్తారు. పేర్లు కప్పి మీకూ చూపిస్తాను, ఎప్పుడైనా రండి అన్నాను. చెక్కు పట్టుకుని నవ్వుతున్న పిల్ల ఫొటో, ఆ చెక్కు మారిందో లేదో చెప్పదు. ఆ మాటకొస్తే మోసం చేసేవాళ్ళకి ఫొటో తీయించడం ఎంతసేపు! మాస్టారు మాత్రం ఈ విషయంలో ఆయన పక్షమే. "చూస్తేనే కదయ్యా ఇస్తారు" అంటారు. అదీ అబద్ధం కాదు, ఫొటోలు పెట్టని ఏడాది చందాలు తగ్గాయి.

ఈసారి పట్టీ కింద గీత కొట్టి, "నిల్వలో ఇప్పటికే మాటిచ్చిన ఫీజులు" అని విడిగా చూపించాను. మాస్టారు మానెయ్యలేదు. ముభావంగానే సంతకం పెట్టారు. బ్యాంకాయన ఇంతవరకూ రసీదులు చూడ్డానికి రాలేదు, చందా మాత్రం పంపారు.

మొన్న హైదరాబాదు నుంచి ఒకమ్మాయి 5,000 పంపింది. ఆరేళ్ళ కిందట మేం ఫీజు కట్టిన పిల్ల, ఇప్పుడు ఉద్యోగంలో ఉంది. ఫోన్ చేసి, "అంకుల్, ట్రస్టు గదిలో నా ఫొటో ఇంకా ఉందా?" అంది. ఉంది, మాస్టారు కట్టించిన ఫ్రేములో. "తీసేస్తారా?" అంది. రసీదు ఎవరి పేర రాయమంటావని అడిగితే పూర్తి పేరు, పాన్ పంపింది. ఫ్రేము దించే సంగతి మాస్టారితో ఇంకా మాట్లాడాలి.